మూడు కర్రల మీద అంగుళమున్నర

వానకు 44 రోజులు

ఈరోజు కాన్పుల ఇంటి కప్పుకు లెక్క కట్టాను. నా తరవాత ఈ పని చేసేవాళ్ళ కోసం ఎలా కట్టానో కూడా రాస్తున్నాను. ఈ పుస్తకం ఉన్నదే అందుకు. వాన ఏ రోజు మొదలవుతుందో కొండ మీది పాత పరికరం ముందే చెబుతుంది, ఇందులో రోజులన్నీ దానికి వెనక్కి లెక్కే. అడిగితే దేనికైనా జవాబు చెప్పే పలకలు ఒక్కసారిగా ఆరిపోయిన ఏడాది, కొండ మీద తొమ్మిదో మెట్టులో ఉన్న మా ఊళ్ళో ఇల్లు కట్టడం తెలిసినవాళ్ళు ముగ్గురే మిగిలారు. ఆ ముగ్గురూ పలకను అడిగి కట్టినవాళ్ళే. అప్పటినుంచి ఏ పనివాళ్ళైనా చేసింది చేసినట్టు రాయాలనీ, నెల మొదటి రోజున అందరి ముందూ చదవాలనీ నియమం పెట్టుకున్నాం. కొలతల పుస్తకం రాసేది నేను, నూకరత్నం.

కాన్పుల ఇంటి గోడలు మట్టివి. పొడవు ముప్పై ఆరు అడుగులు. అడ్డం ఇరవైయొక్క అడుగులు. నడిమధ్యన వెన్నుదూలం, దానికి రెండు పక్కలా వాలే కప్పు. నాలుగడుగులు అడ్డంగా జరిగితే మూడడుగులు పైకి లేవాలి. అంతకంటే పల్లంగా వేస్తే మన అయిదు నెలల వానకు పెంకుల సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి.

ఇరవైయొకటిలో సగం పదిన్నర. వాసం అడ్డంగా దాటవలసిన దూరం అది. అడ్డం నాలుగు, ఎత్తు మూడు అయినప్పుడు ఏటవాలు అయిదు. కాబట్టి పదిన్నరను నాలుగుతో భాగించి అయిదుతో హెచ్చించాలి. పదమూడు అడుగుల అంగుళమున్నర వస్తుంది. గోడ తడవకుండా చూరుకు ఇంకో రెండడుగులు. మొత్తం పదిహేను అడుగుల అంగుళమున్నర.

వాసానికీ వాసానికీ మధ్య రెండడుగులు. ముప్పై ఆరు అడుగుల్లో పద్దెనిమిది ఖాళీలు. ఖాళీలు పద్దెనిమిదైతే వాసాలు పంతొమ్మిది. ఇక్కడ చాలామంది ఒకటి తక్కువ వేస్తారు, జాగ్రత్త. రెండు పక్కలకూ ముప్పై ఎనిమిది. పగిలేవాటికి ఇంకో రెండు కలిపి నలభై. చెట్టుకు ఒకటే వాసం వస్తుంది కాబట్టి నలభై చెట్లు.

పెంకులు చదరపు అడుగుకు ఆరు. రెండు పక్కలా కలిపి వెయ్యిన్ని ఎనభై తొమ్మిది చదరపు అడుగులు. ఆరువేల అయిదువందల ముప్పై నాలుగు. విరిగేవి కలిపి ఏడు వేలు చెయ్యమని బట్టీవాళ్ళకు చెప్పాను.

సాయంత్రం కలప కోత దగ్గరికి వెళ్ళి తవిటయ్యకు కొలత చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఊరికి పెద్ద రంపపువాడు అతను. అంకెలు చదవలేడు. అయిదడుగుల కర్ర ఒకటి పెట్టుకుని దానితో కొలుస్తాడు. పాత ఇంజను రంపం దగ్గర ఎడమ చెవి పోయింది కాబట్టి కుడిపక్కకు వెళ్ళి చెప్పాను.

"మూడు కర్రలన్నా. మీద అంగుళమున్నర."

"మూడు కర్రలు, అంగుళమున్నర," అని తిరిగి చెప్పాడు. "అంతేనా సెల్లీ?"

"అంతే."

వానకు 37 రోజులు

నరుకుడు మొదలైంది. అందరూ వచ్చారు. రాకుండా ఎవరుంటారు?

నీళ్ళు కింది ఊళ్ళను ముంచి కొండ మొదటి మెట్టు దాటి పైకి ఎక్కిన ఏడాది మాతో కొండ ఎక్కలేకపోయినవాళ్ళ పేర్ల మీద, మనిషికి ఒకటి చొప్పున సరుగుడు చెట్లు నాటుకున్నాం. ముప్పై ఒక్క ఏళ్ళు అయింది. కొండవాలంతా నిటారుగా లేచాయి. పేరు చెట్టును ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. మా ఇళ్ళకు పైకప్పు పలుచని పొరే, పలకలు పనిచేసిన రోజుల్లో యంత్రం అచ్చువేసి ఇచ్చినది. ఎండకు అది ఇప్పుడు పిండిలా రాలుతోంది. పోయిన వానలో కాన్పుల ఇంటి మీద పొర చిరిగింది. ఇద్దరు పసివాళ్ళు చలికి పోయారు. ఆ తరవాతే ఊరంతా కూర్చుని, పోయినవాళ్ళ చెట్లతో పుట్టేవాళ్ళకు కప్పు వేద్దామని తీర్మానించుకున్నాం. ఈ వానలో ఆరుగురు కనవలసినవాళ్ళున్నారు.

నా వరసలో ఎనిమిది చెట్లుంటే రెండు ఇచ్చాను. మేనత్తదీ, చిన్నన్నదీ.

సోములమ్మ పిన్నికి ఉన్నది ఒకటే చెట్టు, కొడుకుది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, తవిటయ్య రంపం పెట్టేముందు ఆ చెట్టును రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఎవరూ తొందరపెట్టలేదు. తవిటయ్య రంపం కింద పెట్టి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆఖరికి పిన్నే పక్కకు జరిగి, "కానీ నాయినా. ఆడికి నొప్పెట్టకుండా కొయ్యి," అంది.

చెట్టుకు పద్దెనిమిది అడుగులు పనికొచ్చే కర్ర వస్తోంది. కొలత ప్రకారం కోశాక మిగిలిన ముక్కలు బట్టీకి పోతున్నాయి, పెంకులు కాల్చడానికి.

వానకు 29 రోజులు

వాసాలు ఎత్తాం. వెన్నుదూలం మీద ఆనించి కిందికి వదిలితే వాసం గోడ బయటి అంచు దాకా వచ్చి ఆగిపోయింది. చూరు లేదు. నలభైకి నలభై వాసాలూ రెండడుగులు పొట్టి. ముక్కలు బట్టీలో కాలిపోయాయి.

కారణం: కోతలో పొరపాటు. మూడు కర్రల మీద రెండడుగులు అని నేను చెబితే తవిటయ్య మూడు కర్రల మీద అంగుళమున్నర అని విన్నాడు. చెవి సరిగ్గా లేనివాళ్ళకు కొలత నోటితో చెప్పకూడదు. కర్ర మీద గీసి ఇవ్వాలి.

వానకు 28 రోజులు

ఇది పుస్తకంలో కాదు, విడికాగితం మీద రాస్తున్నాను.

నిన్న రాసినది అబద్ధం. తవిటయ్య సరిగ్గా విన్నాడు. నేను చెప్పినది తప్పు.

నిచ్చెన మీద ఉన్నాను. మొదటి వాసం వదిలారు. దాని కొస గోడ అంచుకు వచ్చి ఆగడం చూశాను. ఆ క్షణంలోనే తెలిసింది. ఆలోచించనే అక్కర్లేకపోయింది. కొలిచిన రోజు కళ్ళముందుకు వచ్చింది. గోడ బయట తొక్కిన మట్టి కుప్పలుగా ఉంది, మోకాలిదాకా బురద. చీర పాడవుతుందని లోపలికి వెళ్ళి, ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు పట్టాను. ఇరవైయొకటి. గోడల మందం ఒక్కోటి అడుగున్నర, తరవాత కలపాలి అనుకున్నాను. కలపలేదు. బయటి అడ్డం ఇరవై నాలుగు. సగం పన్నెండు. ఎత్తు తొమ్మిది. ఏటవాలు పదిహేను, చూరుతో పదిహేడు. మూడు, నాలుగు, అయిదు. పిల్లలకు నేర్పే మొదటి లెక్క అది.

కిందినుంచి గురువులు బాబు అడిగాడు. మమ్మల్నందర్నీ కొండ ఎక్కించిన పెద్దాయన ఆయన. "ఏటైనాది రత్నమ్మా? ఏటలాగున్నావు?"

"పొట్టిగా ఉన్నాయి," అన్నాను.

అందరూ తవిటయ్య వైపు చూశారు. కోసినవాడు అతనే కదా.

"సెల్లి సెప్పినట్టే కోసినాను," అన్నాడు తవిటయ్య. "మూడు కర్రలు, అంగుళమున్నర."

అప్పుడు నేను సోములమ్మ పిన్నిని చూశాను. గోడ నీడలో కూర్చుని, కొడుకు వాసం ఏదో గుర్తుపట్టడానికి కళ్ళు చిట్లించి పైకి చూస్తోంది. నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మూడు కర్రల మీద రెండడుగులు అన్నాను కదన్నా."

అతను గొడవపడి ఉంటే బాగుండేది. నేను తట్టుకోలేక చెప్పేసేదాన్నేమో. అతను గొడవపడలేదు. నా ముఖంలోకి చూశాడు. తరవాత చెయ్యి ఎత్తి ఎడమ చెవిని ఒకసారి రుద్దుకున్నాడు.

"నువ్వలాగన్నావా?" అన్నాడు. "అయితే నానే తప్పు యిన్నానేమో."

ఇరవై ఏళ్ళలో నేను అతనికి ఒక్క తప్పు కొలత చెప్పలేదు. అందుకే తన చెవిని కాదని నా మాటను నమ్మాడు.

వానకు 25 రోజులు

విడికాగితం.

ఇంకా పేరు చెట్లు నరకడం ఇష్టంలేక గురువులు బాబు ఒక ఉపాయం చెప్పాడు. చూరు లేకుండానే పెంకులు వేసి, గోడలకు బయట మందంగా సున్నం పూద్దామని. ఇందుమతి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కాన్పులు చేసేది ఆమే, నన్ను అక్క వరసగా అప్పా అంటుంది. పోయిన వానలో ఆ ఇద్దరు పసివాళ్ళూ పోయింది ఆమె చేతుల్లోనే.

"అప్పా, నీకు తెలుసు, నాకు తెల్దు. అడుగుతున్నాను, సెప్పు. సూరు నేకుండా మట్టిగోడ అయిదు నెలలు నిలుత్తాదా?"

నిలవదు. పెంకుల మీది నీళ్ళన్నీ గోడ మీదుగానే దిగుతాయి. సున్నం నెల రోజులు ఆగుతుంది. తరవాత పగుళ్ళలోంచి నీళ్ళు పోయి మట్టి ఉబ్బి, వానాకాలం సగంలోనే దక్షిణపు గోడ కూలుతుంది. ఆ గోడ పక్కనే మంచాలు.

"సున్నం మూడు పూతలు వేస్తే నిలుస్తుంది," అన్నాను.

"నిజంగానేనా?"

"నిజంగానే."

ఆమె ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి చెప్పాను. మొదటిదానికి భయం అని సాకు ఉంది. దీనికి ఏ సాకూ లేదు. నాలుగు రోజులు ఆలోచించుకునే సమయం దొరికింది నాకు.

తవిటయ్యను కోత పని నుంచి తీసేశారు. ఎవరూ కోపంగా మాట్లాడలేదు. చెవి పోయినవాడికి ఇంక కొలతల పని చెప్పడం మంచిది కాదని అనుకున్నారు, అంతే. రంపం అతని మేనల్లుడికి ఇచ్చి, అతన్ని బట్టీ దగ్గర పెంకులు తీసే పనికి పంపారు. దారిలో ఎదురుపడ్డాడు. నేను తల దించుకున్నాను. అతనే పలకరించాడు.

"సెల్లీ, ఏటనుకోకు. నా మూలంగా నీకు మాటొచ్చింది."

 

వానకు 22 రోజులు

విడికాగితం.

బట్టీలో కాలింది. పెంకులు కాదు, తవిటయ్య చెయ్యి.

మిట్టమధ్యాహ్నం బట్టీ నోరు తెరుస్తున్నప్పుడు పై వరస ఇటుకలు కదిలాయట. "తప్పుకో" అని ఎడమపక్కనుంచి అరిచారట. అందరూ తప్పుకున్నారు. అతనికి వినబడలేదు. ముఖం మీద పడబోయిన ఎర్రటి ఇటుకను కుడిచేత్తో ఆపాడు.

నేను వెళ్ళేసరికి ఇందుమతి చేతికి కట్టు కడుతోంది. అతని భార్య బంగారమ్మ తల దగ్గర కూర్చుని విసురుతోంది. అతను పళ్ళు బిగబట్టి ఉన్నాడు, అరవడం లేదు. ఇందుమతి నన్ను బయటికి తీసుకొచ్చి మెల్లగా చెప్పింది.

"పేణానికి బయం నేదు. మూడు వేళ్ళు మాత్రం ఇంక ముడుచుకోవు. రంపం పట్టనేడు."

బంగారమ్మ లోపల్నుంచి అంటోంది. "ముప్పయేళ్ళు ఆ సేత్తోనే మమ్మల్ని సాకినాడు. ఆ దిక్కుమాలిన రెండో సెవి కూడా పోయినాక మనిషే తగ్గిపోయినాడు. నా మాట కూడా రెండుసార్లు అడుగుతున్నాడు, తప్పు యిన్నానేమో అని."

తప్పు విన్నానేమో అని. ఆ మాట అతనికి నేర్పింది నేను. చెవి సగం పోయినా, మిగిలిన సగాన్ని నమ్ముకుని ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఆ నమ్మకాన్ని నేను ఒక్క మాటతో తీసేశాను. అతన్ని బట్టీకి పంపినదీ నేనే. నా ముఖం దాచుకోవడానికి అతని చెయ్యి ఖర్చయింది.

నేను నిచ్చెన మీదే నిజం చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నం అతను కోతలో చెట్టు నీడన ఉండేవాడు. దీన్ని ఎటు తిప్పి చూసినా ఇంకోలా కనిపించడం లేదు.

వానకు 20 రోజులు

ఈరోజు నెల మొదటి రోజు. పుస్తకాలు చదివే రోజు. ఇది పుస్తకంలోనే రాస్తున్నాను. విడికాగితాలు మూడూ కూడా దీని ముందు కుట్టేశాను. ఇరవై తొమ్మిదో రోజు రాసిన అబద్ధాన్ని కొట్టెయ్యలేదు. చదివేవాళ్ళు అదీ చదవాలి.

పొద్దున్నే అందరూ నీళ్ళ తొట్టి పక్క చదునులో కూర్చున్నారు. ముందు బట్టీ పుస్తకం చదివారు. తరవాత విత్తనాల పుస్తకం. నా వంతు వచ్చింది. నలభై నాలుగో రోజు చదివాను. ముప్పై ఏడు చదివాను. ఇరవై తొమ్మిది చదువుతుంటే తవిటయ్య తల వంచుకున్నాడు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బంగారమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. పుస్తకంలో రాసింది అక్కడితో అయిపోయింది. పుస్తకం మూసి కూర్చోవచ్చు. రెండు రోజుల నుంచీ ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. అవేవీ గుర్తురాలేదు. కాగితాలు తీసి, రాసింది రాసినట్టు చదివాను.

చీర పాడవుతుందని లోపలనుంచి కొలిచాను అన్నచోట ఎవరో 'ఓలమ్మో' అన్నారు.  చివరిదాకా చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాను.

చదవడం అయ్యాక తవిటయ్య పక్కవాళ్ళ ముఖాలు చూశాడు. అందరూ తన వైపే చూస్తున్నారని అర్థమైంది. నేను అతనికి ఎడమపక్కగా నిలబడి చదివాను. అతనికి సగం కూడా అందలేదు.

"ఏటంటంది?" అని బంగారమ్మను అడిగాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు సరిగ్గా యినబడ్నేదు సెల్లీ," అన్నాడు నాతో. "ఇటొచ్చి సెప్పు."

వెళ్ళాను. అతని కుడిపక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. కాగితం చూడకుండా చెప్పాను.

"అన్నా, కొలత తప్పు చెప్పింది నేను. నువ్వు కాదు."

"మూడు కర్రలనే కదా అన్నావు?"

"మూడు కర్రలనే అన్నాను."

"మీద అంగుళమున్నర."

"అంగుళమున్నరే."

"నాను సరిగ్గానే యిన్నాను."

"సరిగ్గానే విన్నావన్నా."

 అతను బంగారమ్మ వైపు తిరిగి, "ఇన్నావా? నా సెవి బాగానే ఉన్నాది," అన్నాడు.  లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. బంగారమ్మ వెనకే వెళ్ళింది. పోతూ పోతూ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు గురించి రాయను.

సోములమ్మ పిన్ని కర్ర ఊతంగా పట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండును అనుకున్నాను.

"ఒలే, నా గుంటడు ఎంత పొడుగో నాకు తెల్దా?" అంది. "గుమ్మంలో తల వొంచుకుని వొచ్చీవోడు. నువ్వాడ్ని పొట్టోడ్ని సేసినావు."

 దండం పెట్టాను. ఆమె ఆ చేతుల్ని చూసి, ముఖం తిప్పుకుంది.

గురువులు బాబు ముఖం ఎర్రబడింది. "నిన్నేటి సెయ్యాలో తరవాత సూత్తాం," అన్నాడు. "ఇంక నీకు కొలతలెవుడు అడుగుతాడు?"

ఇందుమతి అడ్డం వచ్చింది.  "తరవాతే సూడండి. ముందు నాకు గోడ సంగతి సెప్పాల. అప్పా, నిలుత్తాదన్నావు నాతో. ఇప్పుడు నిజం సెప్పు. ఇరవై రోజుల్లో ఏటి సెయ్యగలం?"

చెప్పాను. వాసాలు దింపనక్కర్లేదు. ఒక్కో వాసం కొసకు పక్కన నాలుగడుగుల ముక్క చేర్చి, రెండడుగులు వాసంతో కలిపి మేకులు కొడితే రెండడుగులు బయటికి వస్తుంది. ముప్పై ఎనిమిది ముక్కలు కావాలి. చెట్టుకు నాలుగు వస్తాయి. పది చెట్లు. పెంకులు ఇంకో వెయ్యి.

"నా వరసలో ఆరున్నాయి," అన్నాను. "ఆరూ తీసుకోండి."

మిగతా నాలుగు ఎవరివి అని గురువులు బాబు అందరి వైపూ చూశాడు. ఆఖరికి ఆయనే తనవి రెండు అన్నాడు. ఇందుమతి రెండు అంది. నా వైపు చూడకుండా అంది.

వానకు 18 రోజులు

అమ్మ చెట్టు. నాన్న చెట్టు. పెద్దన్నది. మా అమ్మమ్మది. మా పక్కింటి సరోజినిది, దాని తరఫున చెట్టు నాటేవాళ్ళు ఎవరూ మిగల్లేదని నేనే నాటాను. ఆఖరిది మా ఆయనది. పెళ్ళయి ఎనిమిది నెలలు ఆయనతో ఉన్నాను.

రంపం ఒక కొస నేనే పట్టాను. అవతలి కొస తవిటయ్య మేనల్లుడు. మధ్యాహ్నానికి అరచేతులు పొక్కులెక్కాయి. ఏడుస్తానేమో అనుకున్నాను కానీ ఏడుపు రాలేదు. ఇవి నా చేతిలో ఉన్నవి, ఇచ్చాను. సోములమ్మ పిన్ని ఇచ్చినది వేరు. ఆమెకు మిగిలినది ఏమీ లేదు, ఇచ్చిన ఆ ఒక్కటీ నా వల్ల పొట్టిదైంది. ఈ రెండింటినీ తూకం వెయ్యకూడదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఈసారి కొలత నేను ఒక్కదాన్నీ తియ్యలేదు. గోడ బయట బురదలో దిగి తాడు పట్టాను. రెండో కొస ఇందుమతి పట్టింది. వచ్చిన అంకె గట్టిగా చదివాను. ఇందుమతి గోడ మీద బొగ్గుతో రాసింది. కోసేవాళ్ళు వచ్చి ముక్కను ఆనించి చూసుకున్నారు. మూడు రెట్లు సమయం పట్టింది. ఇకముందు ఇలాగే చెయ్యాలని గురువులు బాబు నియమం పెట్టాడు. నన్ను పనిలోంచి తియ్యలేదు. తీస్తే ఈ పని చేసేవాళ్ళు లేరు. అది క్షమించడం కాదని ఆయనే చెప్పాడు.

తవిటయ్య ఇంటికి రోజూ నీళ్ళు మోస్తున్నాను. బంగారమ్మ వద్దనదు. కుండ గుమ్మం దగ్గర పెట్టించుకుని, లోపలికి రమ్మనదు. మొదటి రోజు, పొట్టివైన వాసాల్లో మీ చెట్లు ఏమైనా ఉన్నాయా అని నేను అడగబోతే, లోపల్నుంచి తవిటయ్య గొంతు వినిపించింది. "మా సెట్ల మాట ఎత్తొద్దని సెప్పు." ఎత్తలేదు. ఆ మాట అనే హక్కు అతనికి ఉంది.

వానకు 5 రోజులు

ఆఖరి వరస పెంకులు ఈరోజు ఎక్కాయి. చూరు చుట్టూ సరిగ్గా రెండడుగులు ఉంది. చేర్చిన ముక్కలు లోపల్నుంచి చూస్తే కనిపిస్తాయి. పనివాళ్ళు మట్టి పూసి కప్పేద్దాం అన్నారు. వద్దన్నాను. అడిగినవాళ్ళకు ఎందుకు అతికామో చెప్పాలి.

వాన రెండో రోజు

కొండ మీది పరికరం చెప్పిన రోజుకే వచ్చింది. నిన్న పొద్దుటి నుంచీ ఒక్క క్షణం ఆగలేదు. తెల్లారగానే గోనెపట్టా కప్పుకుని కాన్పుల ఇంటి చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. పెంకుల మీంచి దిగిన నీళ్ళు చూరు కొసన ధారలుగా జారి గోడకు దూరంగా నేల మీద పడుతున్నాయి. దక్షిణపు గోడ కింది నుంచి మీదికి చేత్తో తడిమాను. పొడిగా ఉంది. లోపల ఇద్దరు గర్భిణులు ఉన్నారు. ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని ఇందుమతి కిటికీలోంచి చెప్పింది. మూడు వారాల తరవాత ఆమె నాతో పని మాట కాని మాట అనడం అదే మొదలు. "ఎల్లి పొడిబట్ట కట్టుకో. జొరమొస్తే నిన్నెవుడు సూత్తాడు?" అంది.

ఇంటికి వచ్చి బట్టలు మార్చుకుంటుంటే తలుపు చప్పుడైంది. తవిటయ్య. తలమీద తాటాకు గిడుగు, దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. కుడిచెయ్యి రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. కట్టు విప్పేశారు. మూడు వేళ్ళు చాచినవి చాచినట్టే ఉన్నాయి. నేను వాటిని చూడటం అతను చూశాడు. దాచుకోలేదు.

"లోపలికి రా అన్నా."

వచ్చాడు. గిడుగు మూలన పెట్టాడు. నేను పీట వేస్తే కూర్చోలేదు, నేలమీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి చెవి నా వైపు ఉండేలా కాస్త పక్కకు తిరిగాడు.

ఎంతో చెప్పాలనుకున్నాను. ఏ మాట మొదలుపెట్టినా అది నా కోసం చెప్పుకునేదే అవుతుంది. ఊరుకున్నాను. 

"నాకు లెక్కలు నేర్పు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "లెక్కలా?"

"వాసం లెక్క. పెంకుల లెక్క. నువ్వు కట్టేవన్నీ."

"చేతి గురించా అన్నా? కూర్చుని చేసే పని కావాలంటే నేను గురువులు బాబుతో..."

"సేతి గురించి కాదు." మాట గట్టిగా వచ్చింది. తగ్గించుకుని మళ్ళీ అన్నాడు. "ఇరవై ఏళ్ళు నువ్వు సెప్పినవన్నీ కోసినాను. ఒక్క రోజైనా ఎందుకంత అని అడగనేదు. నిన్ను నమ్మి కాదు సెల్లీ, నాకు తెల్దు కాబట్టి. ఇంకెప్పుడూ ఇంకోలి లెక్క నా మీద పడకూడదు. దానికి నేర్చుకోవాల."

"సరే," అన్నాను. అది అతనికి అందలేదు. అతని కుడి చెవికి దగ్గరగా జరిగి మళ్ళీ అన్నాను. "సరే అన్నా."

"నిన్ను నాను మన్నించినాననుకోకు."

"అనుకోను."

"బంగారి ఇంకా నీ పేరెత్తితే నోరు మూసుకుంటాది."

"తెలుసు."

అతను ఎడమచేతిని నేల మీద తుడుచుకుని ముందుకు చాపాడు. సుద్దముక్క ఇచ్చాను. పిడికిలితో పట్టుకున్నాడు, రంపం పిడి పట్టినట్టు. వేళ్ళు సర్ది ఎలా పట్టాలో చూపించాను. నేల మీద ఒకటి రాసి దిద్దమన్నాను. అతను దిద్దలేదు. ఆ ఒకటి వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"గుంటలకి సెప్పినట్టు మొదట్నించీ వొద్దు," అన్నాడు. "నువ్వెక్కడ తప్పినావో అక్కణ్ణించి సెప్పు."

నేను ఒకటి చెరిపేసి, దాని చోట ఇరవైయొకటి అని రాశాను. అది ఎందుకు తప్పో అతనికి చెప్పడం మొదలుపెట్టాను.